రెండు బరువుల చాంపియన్

మా వైపు గొర్రెను కాటా ఎక్కించేముందు దానికి కాస్త ఉప్పు నాకిస్తారు. ఉప్పు తిన్న జీవం ఆవురావురుమంటూ నీళ్ళు తాగుతుంది. ఆ తాగిన నీళ్ళన్నీ కాటా మీద బరువే. కొనడానికి వచ్చే వ్యాపారికి ఈ సంగతి తెలియక కాదు, వాడు ముందే ఆ మేరకు ధర తగ్గించి అడుగుతాడు. ఎవరి విద్య వాళ్ళది. మా నాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. అందుకే నేను బాక్సింగ్‌లోకి వెళ్ళిన కొత్తల్లో, కాటా ఎక్కే రోజున మనిషి నీళ్ళు మానేయడమేమిటో ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి ఎక్కింది, తన ఒంటి మీదికే వచ్చాక. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ నేను ఎక్కడైనా బరువు తూచే మిషన్ చూస్తే చటుక్కున పక్కకు తిరుగుతాను, ఎక్కించడానికి ఆయన చెయ్యి దొరుకుతుందేమోనని.

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. మార్కాపురంలో ఇంటర్ చదివేటప్పుడు బస్సులో ఒకడు కావాలని మీద పడుతుంటే దవడ పగిలేలా ఒకటిచ్చాను. అదే బస్సులో మా కాలేజీ ఆటల సారు ఉన్నాడు. దిగాక నన్ను పిలిచి, "చెయ్యి బాగుంది, నిలబడటమే రాలేదు నీకు" అన్నాడు. ఆ మాటకు మరీ మండింది. నిలబడటం నేర్చుకుందామనే మర్నాడు వెళ్ళాను. మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో ఒక ఇసుక బస్తా వేలాడదీసి మాకు నేర్పేవాడు ఆయన. ఏడాది తిరిగేసరికి ఒంగోలులో జిల్లా పోటీల్లో నలభై ఎనిమిది కిలోల విభాగంలో గెలిచాను. నాయన ఆ పోటీకి రాలేదు. జీవాలను ఎవరి మీదా వదిలిపెట్టే మనిషి కాదు. తర్వాతి పోటీ గుంటూరులో అనేసరికి మాత్రం, ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపనని అమ్మ పట్టుబట్టింది. అట్లా మొదటిసారి జీవాలను పక్కవాళ్ళకు అప్పజెప్పి, తెల్ల పంచె కట్టుకుని, భుజాన సద్దిమూట వేసుకుని బయలుదేరాడు.

ఆ రోజు నా అవస్థ నాకే తెలుసు. మర్నాడు ఉదయం తూకం. నలభై ఎనిమిది దాటకూడదు, నేనేమో కాస్త పైన ఉన్నాను. ముందురోజు నుంచీ నీళ్ళు బంద్. రైల్లో కిటికీ పక్కన కూర్చుని చూయింగ్ గమ్ నములుతూ, నోట్లో ఊరిన ఉమ్మినంతా బయటికి ఊస్తున్నాను. ఒంట్లో తడి ఏ దారిన పోయినా బరువు తగ్గుతుంది కదా. నాయన ఎదురు సీట్లో కూర్చుని నన్నే చూస్తున్నాడు. కురిచేడు దాటేవరకు ఓపిక పట్టాడు. తర్వాత ముందుకు వంగి మెల్లగా అడిగాడు.

"ఏందమ్మా ఆ ఉమ్ముడు, వేవిళ్ళ మనిషి మాదిరి?"

మెల్లగా అనేది ఆయన అభిప్రాయం. జీవాలను అదిలించే గొంతు అది. పెట్టె మొత్తం విన్నది. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా మెడ వైపు, కాలివేళ్ళ వైపు చూసి, తాళీ మెట్టెలూ కనపడక మొహం తిప్పుకుంది. మాతో వచ్చిన సారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను గుంటూరు దాకా నాయనతో మాట్లాడలేదు. నోరు తెరిస్తే తిట్లే వచ్చేవి, అయినా నోట్లో తడి లేదు.

మర్నాడు పొద్దున్నే సారు పేర్లు రాయించడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. నేను స్టేడియం మెట్ల మీద చతికిలబడి ఉన్నాను. పెదవులు పగిలి, నాలుక అంగుట్లో అతుక్కుపోయి ఉంది. నాయన వచ్చి సద్దిమూట విప్పాడు. ఎవరి దగ్గర సంపాదించాడో, పెద్ద సీసా నిండా చల్లటి మజ్జిగ, ఉప్పేసి కలిపింది. "సారును అడిగినా, తాగమన్నాడు" అన్నాడు. శుద్ధ అబద్ధం. కానీ ఆ వాసన ముక్కుకు తగిలాక నిజమా అబద్ధమా అని ఆలోచించే స్థితిలో నేను లేను. సీసా ఎత్తి గటగటా తాగేశాను. సంకటి ముద్ద కూడా పెట్టాడు, తినేశాను. మళ్ళీ ఇంకో సీసా నీళ్ళు తెచ్చాడు. అదీ తాగేశాను. అంత రుచిగా నా జన్మలో ఇంకేదీ తాగలేదు.

కాటా మీద నిలబడితే ముల్లు నలభై తొమ్మిదిని దాటి, ఇంకా పైకి పోయి ఆగింది. సారు మొహం పాలిపోయింది. "ఏం తాగావు?" అని అరిచాడు. నాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, పందెం గెలిచినవాడిలా.

"నేనే తాపినా సార్. బిడ్డ ఎండిపోయి ఉండాది. అంతమందిలో కాటా మీద తేలిపోతే మనకేం పరువుంటది?"

సారు తల పట్టుకున్నాడు. నన్ను గంటసేపు ఎండలో తాడాట ఆడించాడు. మజ్జిగ అంత తొందరగా దిగేది కాదు. అదృష్టం ఏమిటంటే, మా వైపు నుంచి యాభై ఒకటిలో దిగాల్సిన పిల్లకు జ్వరమొచ్చి రాలేదు. సారు నిర్వాహకులను బతిమాలి నన్ను ఆ బరువులోకి మార్పించాడు. మూడు కిలోలంటే వినడానికి తక్కువే. రింగులో అవతలి మనిషి నాకంటే జానెడు పొడుగుంది, చేతులు దూలాల్లా ఉన్నాయి. నేను అయిపోయాననుకున్నాను. కానీ నా కడుపులో మజ్జిగ ఉంది, సంకటి ఉంది. ఎండగట్టుకుని వచ్చిన పిల్లలందరూ మూడో రౌండుకు తూలుతుంటే నా కాళ్ళు మాత్రం నేల మీద ఆనాయి. నాయన తిరునాళ్ళలో బండలాగే ఎద్దులను అదిలించినట్టు వెనక నుంచి "హై! హై! వదలొద్దమ్మా!" అని ఒకటే కేకలు. గెలిచాను. ఫైనల్ కూడా గెలిచాను.

తిరుగు రైల్లో సారుకు కోపం పోయి హుషారొచ్చింది. "నలభై ఎనిమిదిలో జిల్లా నీదే, ఇప్పుడు యాభై ఒకటిలో ఇదీ నీదే. ఒకేసారి రెండు బరువులు నీ చేతిలో ఉన్నాయే అమ్మాయ్!" అంటూ ప్రపంచ చాంపియన్ల సంగతి ఎత్తుకున్నాడు. ఒక బరువులో టైటిల్ గెలిచి, దాన్ని వదిలేసి ఇంకో బరువుకు పోయేవాళ్ళు చాలామంది ఉంటారట. కానీ ఒకే సమయంలో రెండు బరువుల బెల్టులూ తన దగ్గరే పెట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ. ఎప్పుడో పూర్వకాలంలో, మొత్తం ఉన్నవే ఎనిమిది బరువులైన రోజుల్లో, ఒకాయన ఏకంగా మూడు బరువుల్లో ఒకేసారి ప్రపంచ చాంపియన్‌గా ఉన్నాడట.

నాయన నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన లెక్కంతా బండలాగుడు లెక్క. అక్కడ ఎద్దులకు బరువు చూడరు, పళ్ళు చూస్తారు. పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత, దేని పోటీ దానిది.

"రెండు పళ్ళది దమ్ముంటే నాలుగు పళ్ళ వాటి మీదికి పోవచ్చు సార్. నాలుగు పళ్ళు మొలిచినాక మళ్ళా రెండు పళ్ళలోకి ఎట్ల వస్తది? వచ్చిన పళ్ళు ఎనక్కిపోవు గదా?"

"పళ్ళు పోవు పెద్దాయనా, బరువు పోతుంది. మనిషి పెరగొచ్చు, తరగొచ్చు."

"అయితే ఆయప్ప పొద్దున ఒక బరువు, మాపటికి ఒక బరువా!" అని నాయన తొడ చరుచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు పేరు పెట్టేశాడు, మూడు బెల్టులాయన అని. నన్ను గెలిపించింది తన మజ్జిగేనని కూడా ఊరంతా చెప్పుకున్నాడు.

ఇంటికి రాగానే అమ్మకు చెప్పాడు, లోకంలో ఒకాయనకు ఒకేసారి మూడు బెల్టులున్నాయంట, మన పాపకు రెండంట అని. మాకు వచ్చింది మెడల్సేగాని బెల్టులు కాదు, అయినా నాయనకు ఆ తేడా పట్టలేదు. మా ఊళ్ళో బెల్టు అంటే ఒకటే అర్థం, దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపు. అమ్మ చేతిలో చేట కింద పడేసింది.

"ఊళ్ళో ఒక్క బెల్టుకే కొంపలు గుల్లవుతుండాయి, దీనికి రెండా? ఇందుకేనా గుంటూరు తోలుకపోయింది? ఆ మూడు పెట్టినోడి పెళ్ళాం ఎట్ల బతుకుతుందో పాపం!"

అమ్మకు విషయం అర్థమయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. అర్థమయ్యాక కూడా ఆ మూడు బెల్టులాయన భార్య మీద జాలి మాత్రం పోలేదు.

ఆ తర్వాత నేను పెద్దగా గెలిచింది లేదు. యూనివర్సిటీ దాకా ఆడాను. మోకాలు దెబ్బతింది. మార్కాపురంలో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరాను, పెళ్ళి చేసుకున్నాను, ఏ విభాగంలోనూ పట్టనంత లావయ్యాను. బాక్సింగ్ అంటే నాకు మిగిలింది నాయనతో మాటలే. ఫోన్ చేస్తే జీవాల సంగతి అయిపోగానే, "మూడు బెల్టులాయన రికార్డు ఎవరన్నా కొట్టినారా?" అని అడిగేవాడు. ఒకసారి చెప్పాను, ఇప్పుడు కొన్ని బాక్సింగ్ సంఘాలు ఒప్పుకోవని, రెండు బరువుల్లో టైటిల్ ఉంటే ఏదో ఒకటే ఉంచుకుని రెండోది వదిలేయమంటాయని. నాయనకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ సంఘం వాళ్ళు గిద్దలూరులో ఉండుంటే బస్సెక్కి పోయుండేవాడు. "గెలుచుకున్నదాన్ని వదులుకోమనడానికి వాళ్ళెవరు?" అన్నాడు. చాలా రోజులు ఆ మాటే.

కిడ్నీలు రెండూ పోయాయని తెలిసింది ఆయన కాళ్ళు వాచాక. మా వైపు ఇది ఇంటింటి కథే. మా బోరు నీళ్ళే కిడ్నీలను తినేస్తున్నాయంటారు కొందరు, నొప్పి మాత్రలంటారు ఇంకొందరు. కొండ సొరంగం నుంచి కృష్ణ నీళ్ళు వస్తే ఈ జబ్బులన్నీ పోతాయని మా నాయన తరమంతా ఎదురు చూస్తూనే ముసలిదైపోయింది. జీవాలను అమ్మేసి అమ్మానాయనా నా దగ్గరికి వచ్చేశారు. రోజు విడిచి రోజు డయాలసిస్. వెళ్ళగానే కాటా ఎక్కించి తూస్తారు. నాలుగు గంటలు మిషన్ మీద ఉంచి ఒంట్లో చేరిన నీరంతా లాగేస్తారు. దిగాక మళ్ళీ తూస్తారు. ఎంత బరువుకు తేవాలో డాక్టరు ముందే చెబుతాడు, దాన్ని డ్రై వెయిట్ అంటారు.

మొదటి రోజు దిగాక రెండో తూకం చూసి నాయన నా వైపు తిరిగాడు. మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"వచ్చేటప్పుడు ఒక బరువు, పోయేటప్పుడు ఒక బరువు. ఒకే రోజు రెండు బెల్టులమ్మా!"

మిషన్ దగ్గర ఉండే అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. నేను వివరించాను. అప్పటి నుంచి ఆ పిల్ల వెళ్ళిన ప్రతిసారీ "ఏం తాతా, ఈరోజు బెల్టులు ఎన్ని?" అని అడిగేది. పక్క మంచాల వాళ్ళు కూడా నేర్చుకున్నారు. అక్కడ అందరూ ఎండిపోయిన మనుషులే, అందరూ రెండు బరువుల చాంపియన్లే. నాయన వాళ్ళందరికీ మూడు బెల్టులాయన కథ చెప్పాడు. ఏ ఒక్కటీ వదులుకోలేదని కూడా తన తరఫున కలిపి చెప్పాడు.

నవ్వులాట అంతవరకే. అసలు యుద్ధం ఇంట్లో ఉండేది, నీళ్ళతో. రోజుకు ఒక చిన్న సీసా, అంతే. మందులూ అందులోనే, కాఫీ అయినా అందులోనే. ఎండాకాలంలో మార్కాపురం ఎండకు రాయి కూడా దాహమంటుంది. జీవితమంతా బావి గట్టు మీద వంగి చెంబు ఎత్తి నోట్లో పోసుకున్న మనిషి ఆయన, గుటక వేస్తే వీధి దాకా వినపడేది. ఒక్కసారి, ఒక్క చెంబుడు నీళ్ళు కడుపారా తాగాలి. ఆయన కోరిక అదొక్కటే. అది తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయన నాకు దక్కడని డాక్టరు నాతోనే చెప్పాడు. ఆయనకు నీళ్ళు కావాలి, నాకు ఆయన కావాలి.

నాకు వచ్చిన విద్యంతా బయటికి తీశాను. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఊసేయమన్నాను. ఐసు ముక్క చప్పరించమన్నాను. నిమ్మబద్ద నాలుకకు రాశాను, తడిగుడ్డ పెదవులకు అద్దాను. బరువు తగ్గడానికి సారు నాకు నేర్పినవన్నీ. ఒకరోజు అట్లా పుక్కిలించి ఊసి, పళ్ళెం పక్కన పెట్టి, నా మొహంలోకి చూశాడు.

"ఆ పొద్దు రైల్లో నీ నోరు గూడా ఇట్లనే ఉండిందా?"

"ఇట్లనే నాయనా."

"ఇంత దప్పికతో కొట్టుకుంటారా మీరు? పసిబిడ్డలు!"

 అన్నేళ్ళ తర్వాత, నేను ఎప్పుడో మరిచిపోయిన నా దాహానికి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక.

అట్లా అని బుద్ధిగా ఉన్నాడా? లేదు. కాటాను మోసం చేయడం ఎట్లాగో బతుకంతా నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా? పుచ్చకాయ అంటే నీళ్ళు కాదు కదా అనేవాడు. బీరకాయ కూర కావాలనేవాడు. స్నానానికి వెళ్ళి గంట వచ్చేవాడు కాదు. కాటా ఎక్కితే నిజం బయటపడేది. ఆస్పత్రిలో అందరి ముందూ అరిచేదాన్ని, "ఎంత తాగావు? ఎక్కడ తాగావు?" అని. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు. ఆయన పెద్దపొట్టేలులా తల వంచి నిలబడి, "గొంతు తడుపుకున్నానమ్మా, అంతే" అనేవాడు. ఇంటికి వచ్చాక నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని.

తర్వాత తర్వాత ఆ డ్రై వెయిట్‌నే తగ్గించాల్సి వచ్చింది. డాక్టరు ఫైలు చూసి, ఒంట్లో నీరు కాదు, కండ పోతోందని చెప్పాడు. అదొక కిలో, మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో కిలో. ఒక్కో బరువూ దిగుతూ వచ్చాడు. చిన్నప్పుడు నేను బరువు తగ్గితే పండగ చేసుకునేదాన్ని. ఇప్పుడు ముల్లు కిందికి జరిగినప్పుడల్లా ఆయనను దించి, మళ్ళీ ఎక్కించి చూసేదాన్ని. కుంటి పొట్టేలును మెడ మీద వేసుకుని కొండ దిగి వచ్చిన మనిషిని నేను ఒక చేత్తో లేపి మంచం మీద కూర్చోబెట్టేదాన్ని. ఆ పాత బరువు కావాలి నాకు. నడిస్తే నేల అదిరే ఆ మనిషి మొత్తంగా కావాలి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆయన జబ్బు పడ్డప్పటి నుంచీ నేను ఆయన ఎదుట నీళ్ళు తాగలేదు. దాహమేస్తే వెనక దొడ్లోకి పోయి, తొట్టి పక్కన నిలబడి తాగి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. అమ్మకు కూడా అదే చెప్పాను. ఆయనకు తెలియదనుకున్నాను.

ఆయన ఆఖరి ఎండాకాలం. స్కూలుకు సెలవులే గాని ఆటల పిల్లలకు ప్రాక్టీసు ఉంది. పదకొండు దాటాక ఇంటికి వచ్చాను. ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరుగుతున్నాయి. చెప్పులు విడిచి నేరుగా దొడ్డి వైపు నడిచాను. నడవలో మంచం మీద నుంచి నాయన పిలిచాడు.

"యాడికి పోతుండావు?"

"ఏం లేదు నాయనా, కాళ్ళు కడుక్కుని వస్తా."

"కాళ్ళు గాదు. నీళ్ళకు పోతుండావు. దినామూ పోతుండావు. నా ఎదట తాగు."

"నాకు దప్పిక లేదు" అన్నాను, ఎండిన గొంతుతో.

"అబద్ధాలాడొద్దు. నీ పెదాలు నాకు కనపడవా?" అని చెయ్యి చాపి మంచం పట్టె మీద తట్టాడు. "చెంబు తెచ్చుకోని ఈడ కూర్చో."

"నువ్వు ఉండగా నేనెట్ల తాగుతా నాయనా? నా వల్ల కాదు."

"ఇంట్లో ఒకరు దప్పికతో ఉంటే చాలదా, ఇద్దరెందుకు? నాకు తాగే రాత ల్యాదు. నువ్వు తాగంగ చూసి ఎన్నాళ్ళయింది. తాగమ్మా, నేను చూస్తా."

ఆ మాట అనేటప్పుడు గొంతు బతిమాలినట్టుంది. నన్ను ఎప్పుడూ అట్లా బతిమాలిన మనిషి కాదు. లోపలికి వెళ్ళి కుండలో నుంచి చెంబు నింపుకుని వచ్చాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన ఒక పక్కకు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, నా మొహం మీదే కళ్ళు పెట్టాడు. చెంబు పైకి ఎత్తి పోసుకున్నాను. మొదటి గుటక దిగలేదు. పొలమారింది. ఆయన ఆత్రంగా చెయ్యి చాచి నా తల మీద తట్టాడు, పసిపిల్లకు తట్టినట్టు. మళ్ళీ ఎత్తాను. ఈసారి దిగింది. నేను ఒక్కో గుటక వేస్తుంటే ఆయన గొంతు కూడా పైకీ కిందికీ కదిలింది. కళ్ళు సగం మూసుకున్నాడు. చెంబు సగానికి వచ్చేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి ఏమీ కనిపించలేదు. దించి కింద పెట్టబోయాను.

"దించొద్దు" అన్నాడు నాయన. "ఇంకా కొంచెం తాగు."